ఫిర్యాదు వెనక్కి తీసుకున్న బొటనవేలు

"అప్పలసూరి ఫిర్యాదు వెనక్కి తీసేసుకున్నాడు. ఇదిగో కాగితం. సంతకం పెట్టి ఫైలు మూసెయ్యండి, రావుగారూ."

నరసింగరావు ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టలేదు, ఎడమచేత్తో విసిరాడు. అది జారుకుంటూ వచ్చి రెండు ఖాళీ టీ గ్లాసుల మధ్య ఆగింది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై.

నరసింగరావు మా కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. పోలీసు ఉద్యోగం వదిలి వచ్చాడు గానీ పోలీసు చూపు వదల్లేదు. ఆ చూపు కాగితం మీద లేదు. గ్లాసుల మీద ఉంది.

"ఎవరో వచ్చినట్టున్నారే?"

"ఒక గ్లాసు నాది, రెండోది నా భయానిది. ఇద్దరం కలిసే డ్యూటీ చేస్తున్నాం."

ఆయన నవ్వలేదు. నవ్వించాలని నేనూ అనలేదు. భయం వేస్తే కొందరికి నోరు ఎండిపోతుంది, నాకు నోరు పెద్దదవుతుంది. మాటల్ని పట్టుకుని విరిచి అతికిస్తూ కూర్చుంటాను. భిలాయిలో చిన్నా పెద్దా నన్ను భయ్యా అంటారు. అందులో ముప్పాతిక భయమేనని పాపం వాళ్ళకి తెలీదు.

ఈ ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మహాశిల రిఫ్రాక్టరీస్ అనేది కొలుముల లోపల పరిచే ఇటుకలు చేసే ప్రైవేటు కంపెనీ. రెండేళ్ళ కిందట, అంటే తొంభై నాలుగులో, మా ఇటుకలు కొనే విదేశీ కంపెనీవాళ్ళు వచ్చి, "చుట్టుపక్కల ఊళ్ళకి మీరేం చేస్తున్నారు?" అని అడిగారు. మావాళ్ళు వెంటనే ఒక హెల్త్ వ్యాను కొన్నారు. "మరి లోపల పనిచేసేవాళ్ళు తమ బాధ భయం లేకుండా చెప్పుకునే దారేది?" అని రెండో ప్రశ్న వేశారు. మావాళ్ళు వెంటనే నన్ను కొన్నారు. వ్యానుకి ఎర్ర ప్లస్సు గుర్తు, నా తలుపుకి ఆంబుడ్స్‌మన్ అనే బోర్డు తగిలించారు. ఇటుకల కంపెనీలో అటూ ఇటూ కాని ఉద్యోగం నాది. యాజమాన్యం మనిషినీ కాను, యూనియన్ మనిషినీ కాను. ఎవరొచ్చి ఏం చెప్పినా వింటాను, పేరు బయటపెట్టను, విషయం మాత్రం నేరుగా ఛైర్మన్‌కి రాస్తాను. ఊరికి చేస్తున్న మేలు నిజమో నాటకమో లోపలి మనిషే చెప్పగలడు. ఆ మనిషి చెప్పుకునే గది ఇది.

వారం కిందట ఆ గదికి వచ్చినవాడే అప్పలసూరి. గ్రైండింగ్ సెక్షన్‌లో పంతొమ్మిదేళ్ళుగా పచ్చి ఇటుకలు మోస్తూ రాతిపొడి పీలుస్తున్నవాడు. వ్యానులో తీసిన ఎక్స్‌రే నార్మల్ అన్నారు, తనకేమో దగ్గితే రక్తం పడుతోంది. "ఊరోల్లకి డాక్టర్నంపే కంపినీ మాకెందుకు అబద్దం సెప్తాది బాబూ?" అన్నాడు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ గది కట్టారేమో అనిపించింది నాకు. పేరు లేకుండానే ఛైర్మన్‌కి రాశాను, మరి నరసింగరావు నోట ఆ పేరెలా వచ్చిందో తెలీదు.

ఇక రెండో గ్లాసు సంగతి. అది తాగి వెళ్ళి పది నిమిషాలు కాలేదు కనకలత. ఆ వ్యానులో నర్సు. వాళ్ళ నాన్న నాతోపాటు రైల్వేలో చేశాడు, అందుకే అంకుల్ అంటుంది.

"అంకుల్, గ్రైండింగ్ సెక్షన్‌వి పదకొండు ఫిల్ములు. పదకొండూ నార్మల్ అని టైపు చేశారు. ఒక్కటి కూడా నార్మల్ కాదు. ఫిల్ములు పారెయ్యమన్నారు, పారెయ్యలేదు. వ్యానులో నా సీటు కింద ఉన్నాయి. ఈరోజు నందిని ఊరివైపు క్యాంపుంది. సాయంత్రం నాలుక్కి మీ చేతిలో పెడతాను. నా పేరు మాత్రం..."

"ఈ గుమ్మం దాటదు తల్లీ."

నిజంగానే దాటదని నమ్మాను. నా దగ్గర రిజిస్టరు లేదు, డైరీ లేదు. ఫిర్యాదు అంటే ఫిర్ యాద్, మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకోవడమే, అందుకని అన్నీ బుర్రలోనే పెట్టుకుంటాను. ఒక్క టీ విషయంలో తప్ప కాగితం ముట్టను. టీ లేనిదే నా దగ్గర టీకా తాత్పర్యాలు సాగవు, చేతిలో వేడి గ్లాసు పడితేగానీ మనిషి నోట మాట రాదు. చీటీ రాస్తేగానీ క్యాంటీన్‌వాళ్ళు టీ పంపరు. గులాబీరంగు చీటీలో నాలుగు గడులు, గది, టైము, గ్లాసులు, టోకెన్ నంబరు. రైల్వే క్లెయిముల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు ఫారాలు నింపినవాణ్ణి. గడి ఖాళీగా ఉంటే పంచె జారినట్టుంటుంది నాకు.

"సంతకం," అన్నాడు నరసింగరావు.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. హిందీలో టైపు చేసిన నాలుగు లైన్లు. నా ఇష్టంతో ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను, ఉద్యోగం మానేసి సొంతూరు పోతున్నాను. కింద ఊదారంగు సిరాలో బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టంగా, ముగ్గు పెట్టినట్టున్నాయి. మధ్యలో ఏటవాలుగా సన్నని తెల్లగీత, ఎప్పుడో కోసుకున్న గాటు.

ఆ ముద్రలో ఏదో తేడా ఉంది, ఏమిటో పట్టుబడలేదు.

"ఇది మీకెప్పుడిచ్చాడు?"

"పొద్దున్న ఆరూ పదికి. గేటు దగ్గర."

"స్వయంగా మీ చేతికే?"

"నా చేతికే."

"ఏమన్నాడు?"

"నాకీ గొడవలొద్దు సార్, ఊరెళ్ళిపోతున్నాను, పిల్లలున్నారు, క్షమించమని చెప్పండి అన్నాడు."

"అంతా ఒక్క ఊపిరిలోనే?"

"ఏం?"

"మధ్యలో దగ్గలేదా?"

నరసింగరావు తడుముకోలేదు. "లేదు. బాగానే ఉన్నాడు."

పోలీసు ఉద్యోగంలో అబద్ధాలు వినడం నేర్పుతారు, చెప్పడం నేర్పరు కాబోలు. నాలుగు మాటలకి నాలుగుసార్లు దగ్గే మనిషి అప్పలసూరి. నా గదిలో అరగంట మాట్లాడితే అందులో పావుగంట దగ్గే.

"సంతకం పన్నెండు తర్వాత పెడతాను."

"లక్ష్మీప్రసాద్ గారు ఇప్పుడే కావాలన్నారు." లక్ష్మీప్రసాద్ మా పర్సనెల్ మేనేజరు. హెల్త్ వ్యాను ఆయనదే, మంచినీళ్ళ ట్యాంకర్లు ఆయనవే, పేపర్లో ఫోటోలూ ఆయనవే. "మూడు గంటలకి విదేశీ బయ్యర్లు వస్తున్నారు. పెండింగ్ ఫిర్యాదు ఒక్కటీ కనిపించకూడదట."

"కనిపించకూడనిది ఫిర్యాదా, ఫిర్యాదీయా?"

కుడిచెయ్యి కోటుజేబులోంచి తియ్యకుండానే ఆయన నా మీదికి వంగాడు. "రావుగారూ, మాటల్తో ఆడుకోండి. మనుషుల్తో ఆడుకోకండి. మీ ఇల్లు రిసాలిలో కదూ? మీ ఆవిడ పొద్దున్నే పాలకి ఒక్కరే వెళ్తారు కదూ?"

ఆయన వెళ్ళాక మూడు నిమిషాలు ఆ రెండు గ్లాసుల్నీ అటూ ఇటూ మార్చి పెడుతూ కూర్చున్నాను. గడియారం చూసి మరీ చెబుతున్నాను.

*

గేటు బయట, సైకిల్ స్టాండు పక్కన నేల మీద కూర్చుని ఉంది అప్పలసూరి భార్య నూకమ్మ. ఎనిమిదింటి నుంచీ కూర్చుందట. లోపలికి వదల్లేదు.

"బాబూ! మావోడు నిన్న రెండు గంటల డూటీకి ఎల్నాడు. రేత్రి పదికి రావాల. రానేదు. ఏటైపోనాడు బాబూ? ఏటి సెప్పరేటి ఈల్లు?"

"పొద్దున్న ఆరింటికి గేటు దగ్గరికొచ్చి, ఊరెళ్ళిపోతున్నానని చెప్పాడట."

"నాకు సెప్పకుండానా? ఊల్లో ఎవులున్నారు ఆడికి? మా అత్త సచ్చిపోయి ఏడేల్లు."

కాగితం ఆమె ముందు పట్టుకున్నాను. "ఇది ఆయన వేలిముద్రేనా నూకమ్మా?"

ఆమె కాగితం కేసి చూసింది, తర్వాత నా కేసి చూసింది. నాకు మతి పోయిందేమోనని పరీక్షించినట్టుంది ఆ చూపు.

"ఆడి ఏలికి గీతలెక్కడున్నాయి బాబూ? ఇటిక పట్టి పట్టి అరిగిపోనాయి గదేటి. బొటనేలు గాజుగోళీనాగుంటాది. రేసను సాపోడు నాలుగుసార్లు నొక్కించి, సిరా పూసేసి, ఇది ముద్ర కాదు మరకరా అని తిట్టి పంపినాడు. ఇంక నానే ఎల్తన్నాను."

అదీ సంగతి. ఆ ముద్రలో తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. వారం కిందట నా గదిలో గ్లాసు పట్టుకున్న ఆ వేళ్ళని చూశాను. చూశాను గానీ చదవలేదు. పచ్చి ఇటుకని రోజుకి వెయ్యిసార్లు ఎత్తి దించే మనిషికి రెండేళ్ళకే వేళ్ళు నున్నబడతాయి. ఆ సంగతి ఇటుక ముట్టినవాడికి తెలుస్తుంది. ఈ కాగితం తయారుచేసినవాడు ఇటుక ముట్టలేదు.

"బాబూ, ఆడు బతికే ఉన్నాడా?"

ఒక మాట విరవబోయాను, విరగలేదు. "చూసొస్తానమ్మా. ఇక్కణ్ణుంచి కదలకు" అన్నాను.

*

పదీ ముప్పై అయిదు. గేటు లోపల టైమాఫీసు గోడ మీద ఇత్తడి టోకెన్ల బోర్డు. లోపలికి వచ్చేవాడు ఇక్కడ తన టోకెను తీసుకుని వెళ్ళి, తన సెక్షన్ బోర్డుకి తగిలిస్తాడు. డ్యూటీ దిగి పోయేటప్పుడు తెచ్చి మళ్ళీ ఇక్కడ తగిలిస్తాడు. మనిషి అబద్ధమాడొచ్చు, మేకు ఆడదు.

అప్పలసూరి నంబరు నాలుగువందల పదిహేడు. మేకు బోసిగా ఉంది.

అంటే నిన్న రెండింటికి లోపలికొచ్చినవాడు ఇంకా బయటికి పోలేదు. ఆరూ పదికి గేటు దగ్గరికొచ్చి దగ్గకుండా మాట్లాడినవాడెవడో గానీ, అప్పలసూరి కాడు. అప్పలసూరి ఈ గోడల లోపలే ఎక్కడో ఉన్నాడు. ఎలా ఉన్నాడన్నదే ప్రశ్న.

గ్రైండింగ్ సెక్షన్‌కి పరుగులాంటి నడకతో వెళ్ళాను. అక్కడ గాలి తెల్లగా ఉంటుంది. మూతికి రుమాలు కట్టుకున్నాను. మాస్కులు కంపెనీ కొంది, నిజమే, కానీ అవి ఊళ్ళ క్యాంపుల్లో పంచే డబ్బాల్లో ఉన్నాయి. ఇక్కడివాళ్ళు పాత చీరముక్కలు కట్టుకుంటారు. అప్పలసూరిది ఆకుపచ్చ చీరముక్క.

సెక్షన్ బోర్డు మీద 417 వేలాడుతోంది. దాని కింద మేకుకి క్యారియరు. మూత తీశాను. అన్నం, ఎండుచేప వేపుడు, కదిపిన గుర్తు లేదు. ఏడింటికి అన్నాల గంట కొడతారు. అంటే ఏడుకి ముందే ఏదో జరిగింది.

పక్కనే బట్టీల వరస. ఒక్కో బట్టీ చిన్న గదంత ఉంటుంది. లోపల పచ్చి ఇటుకలు పేర్చి, గుమ్మాన్ని ఇటుకలూ మట్టీతో కట్టేసి, నిప్పు పెడతారు. మూడు రోజులు మండుతుంది. అందులో పెట్టింది ఇటుక కాకపోతే ఆనవాలు కూడా మిగలదు. ఈ ఆలోచన నాకు నడుస్తుండగా వచ్చింది. వచ్చాక నడవడం కష్టమైంది.

నాలుగో నంబరు బట్టీ ముందు మేస్త్రీ చినబాబు గుడ్డముక్కల్ని నూనెలో ముంచుతున్నాడు.

"ఎప్పుడు వెలిగిస్తున్నావు?"

"పన్నెండుకి సార్."

"గుమ్మం ఎప్పుడు కట్టారు?"

"నిన్న సాయంత్రం సార్."

"పద్ధతి ప్రకారం వెలిగించే రోజు పొద్దున్న కదా కడతారు?"

"పద్ధతి ప్రకారమే కట్టాం సార్."

"లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా?"

"పద్ధతి ప్రకారం చూశాం సార్."

బట్టీ దగ్గర అన్నీ బట్టీ పట్టిన జవాబులే. గొంతు తగ్గించాను. "చినబాబూ, నా సంగతి తెలుసుగా. నీ పేరు ఎక్కడా రాదు."

అతను చుట్టూ చూశాడు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నాలుగూ ఇరవైకి ఇద్దరొచ్చారు సార్. మన కంపెనీవాళ్ళు కాదు. నాలుగువందల పదిహేడు ఎవడని అడిగారు. పేరడగలేదు, నంబరే అడిగారు. సూరి అటు పరిగెత్తాడు. ఎక్కడ దూరాడో నేను చూళ్ళేదు. వాళ్ళు అరగంట వెతికారు. అయిదింటికి పర్సనెల్ ఆఫీసునుంచి ఫోను, నాలుగో బట్టీ ఇప్పుడే మూసెయ్యమని. తాపీవాళ్ళు కడుతున్నంతసేపూ ఆ ఇద్దరూ పక్కనే నిలబడ్డారు. సార్, నాకు ముగ్గురాడపిల్లలు."

గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. మట్టి పైన ఆరింది, కింద ఇంకా తడిగా ఉంది. అడుగు వరసలో రెండు ఇటుకల సందున వేలెడు గుడ్డపీలిక నలిగి ఉంది. ఆకుపచ్చది.

లాగాను. రాలేదు. దాని రెండో కొస లోపల ఉంది.

గుమ్మం మధ్యలో మంట చూసేందుకు పిడికిలంత కంత వదుల్తారు. దానికి చెవి ఆనించాను. నా గుండె చప్పుడే వినిపించింది. ఊపిరి బిగబట్టాను. నిమిషం. ఇంకో అర నిమిషం.

లోపల ఎక్కడో చాలా లోతున, ఎవరో దగ్గారు.

*

"లేవండి అక్కణ్ణుంచి!"

నరసింగరావు. వెనక లాఠీలతో ఇద్దరు గార్డులు. టైము పదకొండూ ఇరవై.

"లోపల మనిషున్నాడు!"

"లోపల ఇటుకలున్నాయి. బట్టీ దగ్గరికి రావడానికి మీకు అధికారం లేదు. తివారీ, సాబ్ కో బాహర్ లే జావో."

"చలియే సాబ్" అంటూ గార్డు నా భుజం పట్టుకున్నాడు. నేను బక్కవాణ్ణి, యాభై మూడేళ్ళవాణ్ణి. నాకున్న ఆయుధం నోరొక్కటే. అది తెరిచాను, సెక్షనంతా వినబడేలా.

"నరసింగరావు గారూ! పొద్దుణ్ణుంచీ మీ కుడిచెయ్యి జేబులోనే ఉందేం? చలా?"

ఆయన ఆగాడు.

"కాగితం ఎడమచేత్తో విసిరారు. ఇప్పుడు నన్ను చూపించిందీ ఎడమచేత్తోనే. గేటు రిజిస్టరులో రోజూ సంతకం కుడిచేత్తో పెడతారే! ఒక్కసారి ఆ బొటనవేలు బయటికి తియ్యండి. ఊదారంగు సిరా సబ్బుకి పోదు, నాకు తెలుసు. రైల్వేలో పాతికేళ్ళు పూసుకున్నాను."

"మీకు పిచ్చెక్కింది."

"వేలి మధ్య ఏటవాలుగా గాటుందా లేదా? అప్పలసూరి వేలికి గీతలే లేవయ్యా! అతని వేలు నొక్కితే మరక పడుతుంది, ముద్ర పడదు. మీరు మీ వేలు అరువిచ్చారు." గార్డు పట్టు వదులైంది. నేను నరసింగరావు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాను. "వినండి. ఇంకో అరగంటలో ఇది మండుతుంది. మూడు రోజులకి తలుపు తీస్తారు. బూడిదలో ఎముకముక్క ఒక్కటి దొరికినా చాలు, చచ్చినవాడు పొద్దున్న ఆరూ పదికి మీ చేతికి కాగితం ఇచ్చాడని మీరే చెప్పారు. దాని మీద ముద్ర మీది. లక్ష్మీప్రసాద్ గారి వేలు ఎక్కడుంది అందులో? గోరైనా లేదు."

జీవితంలో మొదటిసారి నా ముందు ఒక పోలీసు మొహం పాలిపోవడం చూశాను.

"నాకు లోపల మనిషున్నాడని చెప్పలేదు" అన్నాడు. ఆ గొంతు వేరే ఎవరిదో అనిపించింది. "సూరి పారిపోయాడు, ఫైలుకి కాగితం కావాలి, ఒక ముద్ర వెయ్యండి అన్నారు. వేశాను. అంతే. నిజంగా అంతే."

"అయితే కంతకి చెవి పెట్టండి."

పెట్టాడు. పది సెకన్లు. పదిహేను. ఇంతలో చినబాబు జేబులో ఉన్న అగ్గిపెట్టె కిందపడితే అందరం ఉలిక్కిపడ్డాం.

నరసింగరావు తల ఎత్తాడు. కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. ఆ చేత్తోనే గునపం అందుకున్నాడు. బొటనవేలు ఊదాగా ఉంది.

*

పదకొండూ నలభై రెండుకి అప్పలసూరిని బయటికి లాగాం. ఒళ్ళంతా తెల్లటి పొడి. కళ్ళు మాత్రమే మనిషివి. పొగ పోయే దారిలోంచి కాస్త గాలి ఆడబట్టి బతికాడు. తడిగుడ్డతో మొహం తుడుస్తూ, "మరి కేకెయ్యలేదేంరా, గుమ్మం కడుతుంటే?" అన్నాను.

"ఆ ఇద్దరూ... బయటే నించున్నారు గదా బాబూ." దగ్గు. "ఆల్ల సేతికి సిక్కడం కన్నా... లోపలే నయవనిపించింది." దగ్గు. "తెల్లారి ఇప్పుతారనుకున్నాను. రేత్రి అరిసినాను. గొంతు లేదు."

నీళ్ళు రెండు గుటకలు తాగాడు. నన్ను గుర్తుపట్టాడు. చేతిలోంచి చెంబు జారింది. మోచేతుల మీద వెనక్కి జరిగాడు, నా నుంచి.

"నా పేరు సెప్పనన్నారు గదా బాబూ."

"చెప్పలేదు సూరీ. ప్రమాణం. ఎవరికీ చెప్పలేదు."

"మరి ఇదేటి?"

చొక్కాజేబులోంచి తీసి నా ముందు పడేశాడు. "పేరు తెల్దు గానీ నీ నంబరు మాకాడుందిరా అని, మొకం మీద ఇసిరినాడు ఒకడు, అది అట్టుకునే పరిగెట్నాను. నాకు సదువు రాదు. నంబరు మాత్రం తెలుస్తాది."

నలిగిన గులాబీరంగు చీటీ. గది, ఆంబుడ్స్‌మన్. టైము, పదకొండూ పది. గ్లాసులు, రెండు. టోకెన్ నంబరు, 417.

రాసింది నేనే. గుండ్రంగా, అందంగా. షిఫ్టుకి మనిషికి రెండు టీలని క్యాంటీన్ లెక్క. వచ్చినవాడి నంబరు వేస్తే వాడి వాటాలోంచి ఇస్తారు. వారం కిందట అప్పలసూరి చేతిలో వేడి గ్లాసు పెట్టాలన్న తొందరలో ఆయన్నే అడిగాను, నీ టోకెనెంత సూరీ అని. గడి నింపాను. పేరు గుమ్మం దాటనివ్వకుండా కాపలా కాశాను, నంబరుని నా చేత్తోనే గుమ్మం దాటించాను.

ఆ వెంటనే రెండోది గుర్తొచ్చింది. ఈరోజు పొద్దున్న. తొమ్మిదీ పది. రెండు గ్లాసులు. టోకెన్ నంబరు యాభై రెండు, కనకలతది.

"నరసింగరావు గారూ, క్యాంటీన్ చీటీలు ఎక్కడికి పోతాయి?"

"పదిహేను రోజుల నుంచీ, రోజూ పదింటికి లక్ష్మీప్రసాద్ గారి టేబుల్ మీదికి. టీ వృథా అవుతోందని ఆర్డరేశారు. ఏం?"

"హెల్త్ వ్యాను?"

"పదకొండూ అయిదుకి గేటు దాటింది. నేనే వదిలాను." ఆయన మాట మధ్యలో ఆగింది. నుదురు చిట్లించాడు. "రోజూ పోయే డ్రైవర్ని సెలవు పెట్టమన్నారు. ఈరోజు కొత్త మనిషి. పక్కన ఇంకొకడు. చెకింగ్ వద్దన్నారు."

చినబాబు నూనె డబ్బా కింద పెట్టాడు. "కొత్త మనిషా సార్? ఎడంచెవికి కమ్మ, నల్ల స్వెట్టరు?"

నరసింగరావు తలూపాడు.

"నిన్న నాలుగూ ఇరవైకి వచ్చింది వాడే సార్" అన్నాడు చినబాబు.

కనకలత సీటు కింద పదకొండు ఫిల్ములు. ముందు సీట్లో ఆ ఇద్దరు. నందిని రోడ్డు మీద ఆ వ్యాను పోబట్టి అప్పటికి నలభై నిమిషాలు.

"నీ జీపులో పెట్రోలుందా?" నేను ఆయన్ని ఏకవచనంలో పిలిచానని ఇద్దరం గమనించలేదు.

నరసింగరావు తాళాలు తీసి పరిగెత్తాడు. "తివారీ, సూరిని గేటు దగ్గర వాళ్ళావిడకి అప్పగించు, పక్కనుంచి కదలకు" అని అరిచి ఆయన వెనక నేనూ పరిగెత్తాను. వెనకనుంచి అప్పలసూరి దగ్గు వినిపిస్తూనే ఉంది. నోరు తెరిస్తే ఒక్క మాటా రాలేదు నాకు. పిడికిట్లో గులాబీ చీటీ. నాలుగు గడులు. ఒక్కటీ ఖాళీ లేదు.